సెల్లోకి పనేముంది

వియన్నా నగరం. చేతితొడుగుల వర్తకుడు బెనెడిక్ట్ గారి ఇంటి ముందుగది, మంగళవారం సాయంత్రం. పియానో ముందు కుమార్తె తెక్లా, పెద్ద వయొలిన్‌లా ఉండే సెల్లోతో తండ్రి. వయొలిన్ వాయించే గుమాస్తా ఫ్లోరియన్ ఇంకా రాలేదు.

"అందుకే అంటున్నాను నాన్నగారూ, ఇవాళ మీరు విశ్రాంతి తీసుకోండి. మీ నడుంనొప్పి..."

"నొప్పి నిన్న. నిన్న నువ్వు అడగలేదు."

"ఇవాళ అడుగుతున్నాను కదండీ. పక్కగదిలో పొయ్యి దగ్గర కాఫీ పెట్టించాను. అక్కణ్ణించి హాయిగా వినొచ్చు."

"తలుపు తీసి ఉంటుందా?"

"చలిగాలి కొడుతుంది కదా..."

"అయితే వేసి ఉంటుంది. సరే. ముక్కాలి పీటకి ఒక కాలు తీసేస్తే ఎవరు కూర్చుంటారమ్మా?"

"ఈ స్వరాల పుస్తకం పైకాగితం మీద ఏం అచ్చువేశారో చూడండి. పియానో సొనాటా, వయొలిన్, సెల్లోల తోడుతో. ఉత్త తోడు."

"తోడు అక్కర్లేకపోతే వయొలినూ అక్కర్లేదు. రావద్దని ఫ్లోరియన్‌కి కబురు పంపిస్తాను."

"వద్దు, వద్దండి. వయొలిన్‌కి దాని మాట దానికుంది. నా కుడిచెయ్యి ఆపిన చోట అది అందుకుంటుంది. నాతో వాదిస్తుంది కూడా."

"వాదిస్తుందా. వాయించినంతసేపే ఆ గుమాస్తాకి ఈ ఇంట్లో చోటు. ఆ షరతు గుర్తుందిగా?"

"గుర్తుంది. అందుకే కదా పొద్దస్తమానం సాధన చేస్తున్నాను."

"మరి సెల్లో మాటేమిటి?"

"కోప్పడరు కదా?"

"కోప్పడేవాణ్ణయితే నలభై ఏళ్లు ఆడవాళ్ల చేతులకి కొలతలు తియ్యగలిగేవాణ్ణా?"

"నా ఎడమచెయ్యి తానా అంటే మీ సెల్లో తందానా. మొదటి స్వరం నుంచి చివరి స్వరం దాకా అంతే. మీరు మానేసినా వినేవాళ్లకి తెలియదు."

"ఫ్లోరియన్ అన్నాడా?"

"ఆయన... సంగీతం గురించి మామూలుగా అన్నారు."

"మామూలుగా. ఊఁ. అన్నది నిజమే, అబ్బాయికి చెవి ఉంది. మొదటి భాగం పరుగు. అందులో నీ ఎడమచెయ్యీ నేనూ ఒక్క అడుగు తేడా లేకుండా నడుస్తాం. ఆఖరిది గంతులు. అక్కడా అంతే."

"చూశారా, మీరే ఒప్పుకున్నారు."

"నెమ్మదిగా సాగే ఆ నడిమి భాగమే నాకు అంతుపట్టడం లేదు. అక్కడ కాసేపు వయొలిన్‌కి పని ఉండదు, కాదూ?"

"పదహారు ఆవర్తాలు. అప్పుడాయన నా ఎడమపక్క నిలబడి కాగితం తిప్పుతారు. మీకు తెలుసుగా."

"తెలుసు. నా కుర్చీ నీ కుడిపక్క. నువ్వు అడ్డం. నాకేమీ కనపడదు."

"మీ చూపు మీ కాగితం మీద ఉంటుంది కదండీ. కనపడాల్సిందేముంది?"

"ఏమీ లేదు. అదుగో, మెట్ల మీద చప్పుడు. ఫ్లోరియనే. ఉండు, తలుపు నేను తీస్తాను."

"అయితే కాఫీ పక్కగదిలోకి..."

"ఇక్కడికే తెమ్మను. ఈలోగా ఒక్క సంగతి చెప్పు తల్లీ. ఆ పదహారు ఆవర్తాల్లో మనిద్దరం కలిసి వాయించాల్సింది మూడు మంగళవారాలుగా నేనొక్కణ్ణే వాయిస్తున్నాను. నీ ఎడమచెయ్యి ఎక్కడుంటోంది?"