పెళ్లికి పిలిచే వీరుడు

ఎర్రగుంట్ల సిమెంటు ఫ్యాక్టరీ ముందు లోడు కోసం ఆగిన లారీలో అన్న సంగటి తింటున్నాడు. క్యారియరు తెచ్చిన చెల్లెలి కళ్లు ఫోను మీదే ఉన్నాయి. ఒక వీడియో గేమును సినిమాగా తీయబోయే డైరెక్టరు ఇప్పుడో అప్పుడో ఫోను చేస్తాడు. ఆమె చెప్పేది నచ్చితే కథ రాసే పని ఆమెదే.

“ఏమడిగినాడు పాపా?”

“గేములో వీరుడు ఊరూరా ఎందుకు తిరుగుతాడో చెప్పమన్నాడు.”

“ఎందుకేంది? ఆ వీరుడు మనమే కదా! నేను తిప్పితే తిరుగుతాడు.”

“సినిమాలో నువ్వు తిప్పవు కదన్నా. వానికంటూ ఒక పని ఉండాల.”

“అయితే మన అహోబిలం సామిని చూడు. పల్లకీలో ఊరూరా పోయేది తన పెళ్లికి రమ్మని పిలవనీకే కదా.”

“అన్నా! మళ్లా చెప్పు!”

“పెళ్లికి పిలవనీకి...”

“సాలు, సాలు! అదేన్నా నాకు కావాల్సింది!”

ఫోను మోగింది. డైరెక్టరే. ఆమె గబుక్కున ఎత్తింది.

“సార్, మన వీరుడు తన పెళ్లికి పిలుస్తూ ఊరూరా తిరుగుతాడు.”

“బాగుందే! పెళ్లికూతురెవరు?”

ఆ సంగతి ఆమె ఆలోచించనే లేదు. అన్న వైపు చూసింది. అంతలోనే నోటికొచ్చింది అనేసింది.

“ఆమె ఇంకా ఒప్పుకోలేదు సార్!”

అవతల డైరెక్టరు పకపకా నవ్వాడు.

“మరి ఒప్పుకుంటుందా? తొందరగా రాసి పంపమ్మా, నేను ఆగలేను!”