మోనెమ్వాసియా గోడెక్కిన బండి

ఈస్టర్‌కు ముందు బుధవారం, ఉదయం పది గంటల ఇరవై నిమిషాలకు గరూఫలియా, స్ట్రాటిస్ నడిపే కాఫీ హోటల్లోకి వచ్చి, కుర్చీ లాక్కుని కూర్చుంది. కోట ఊరు మోనెమ్వాసియాలో చెల్లెలు ఎదురుచూస్తోంది. గురువారం రాత్రి అక్కాచెల్లెళ్ళిద్దరూ కలిసి శుక్రవారం ఊరేగించే క్రీస్తు పాడెను పూలతో అలంకరించాలి. పెళ్ళయి ఈ కొండ ఊరికి వచ్చాక కూడా ఒక్క ఏడు తప్పలేదు. ఏటా తీసుకెళ్ళే మేనల్లుడు ఈసారి కాలు విరగ్గొట్టుకున్నాడు. ఆ వారం బస్సు లేదు. ఊళ్ళో ఖాళీగా ఉన్న బండి ఒక్కటే, పనాగోస్‌ది. అందులో ఎక్కవచ్చా, ఎక్కకూడదా? అది తేల్చుకోవడానికే వచ్చింది.

"భయమెందుకత్తా?" పక్క బల్ల నుంచి పనాగోస్ అప్పుడే మొదలుపెట్టాడు. "పోయిన వసంతంలో మిస్త్రాస్ కొండ మలుపులన్నీ బ్రేకు మీద కాలు పెట్టకుండా దిగినవాణ్ణి."

"బ్రేకంటూ ఉంటే కదరా పెట్టడానికి," అన్నాడు స్ట్రాటిస్ కాఫీ దించుతూ.

"అక్కడికే వస్తున్నా! నాఫ్లియో చేరేసరికి అది కాస్తా తెగింది, బండి ఆగితేగా, ఊరు దాటి కోట కొండ ఎక్కేసింది, ఎక్కాక దిగాలిగా, మెట్ల మీదుగా దిగాను, చేతిలో కాఫీ కప్పు, ఒక్క చుక్క తొణికితే పేరు మార్చుకుంటా. సగం మెట్ల మీద ఓ ముసలమ్మ, మోకాళ్ళ నొప్పులు, పాపం, తలుపు తీసి రెక్క పట్టుకుని ఎక్కించుకుని కింద దించేశా."

"బండి ఆగకుండానే?" అన్నాడు స్ట్రాటిస్.

"ఆగితే గొప్పేముంది? ఆ తర్వాత ఏమైందో తెలుసా? తిన్నగా మోనెమ్వాసియా! శుక్రవారం రాత్రి. వీధి నిండా జనం, కొవ్వొత్తులు, మధ్యలో పాడె. హారన్ కొడితే పాపం, వెనక్కి తిప్పితే పరువు తక్కువ. స్టీరింగు ఒక్క విసురు విసిరానా, రెండు చక్రాలు గోడెక్కాయి, వెనకే మిగతా రెండూ, జనం తలల మీదుగా బల్లిలా పాక్కుంటూ పోయాను, ఒక్క కొవ్వొత్తి రెపరెపలాడితే ఒట్టు. ఫాదర్ గారు తలెత్తి నా చక్రాలకు దీవెనలిచ్చారు."

"మా చెవుల్లో పూలన్నీ నువ్వే పెట్టేస్తే అత్త పాడెకు ఏం మిగులుతాయిరా?" అన్నాడు స్ట్రాటిస్.

గరూఫలియా నవ్వలేదు. "చివరికి బండి ఎక్కడ ఆపావు నాయనా?"

"ఎక్కడేమిటత్తా, చర్చి ముందు, ఫిరంగి పక్కన!"

"ఆ ఫిరంగికి ఎదురింట్లోనే నేను పుట్టాను. కోట గుమ్మం ఇరుకు, లోపల మోచెయ్యిలా వంపు. గాడిదైతే దూరుతుంది, బండి పట్టదు. మా అమ్మ పెళ్ళి మంచం ఊడదీసి మోసుకెళ్ళారు. అసలా ఊరు చూశావా నువ్వు?"

మూల బల్ల దగ్గర పాచికలాడుతున్నవాళ్ళు ఆట ఆపి మరీ నవ్వారు. పనాగోస్ గ్లాసు నీళ్ళు గటగటా తాగాడు.

"చీకటి కదత్తా, గుమ్మం సరిగా కనబడలేదు."

గరూఫలియా లేచి నిలబడింది. ఇతని అబద్ధాల్లో ఎవరికీ దెబ్బ తగల్లేదని ఆమెకు తోచింది. ముసలమ్మను వదిలేసి పోలేదు. ఒక్క కొవ్వొత్తీ ఆర్పలేదు.

"రేపు పొద్దున్నే రా," అంది. "నేల మీదే నడపాలి. గుమ్మం బయటే ఆపాలి."

గురువారం పూలు వాడకుండా చెల్లెలి ఇంటికి చేరాయి.

పండగ వెళ్ళాక మంగళవారం, కొండ కింద పెట్రోలు బంకతను స్ట్రాటిస్‌కు ఒక మాట చెప్పాడు. ప్రయాణానికి ముందురోజు, ఆ బుధవారం మధ్యాహ్నం పనాగోస్ బండిలో ఒక్కడే వచ్చి, మోనెమ్వాసియాకు దారెటని అడిగి వెళ్ళి, పొద్దుగూకాక తిరిగి వచ్చాడట.