హస్నిదా ఊపిరితిత్తుల చదువు

కూర్చో అమ్మాయీ. ఆ కుర్చీ కాదు, దాని కాలు ఊగుతుంది. సురబాయాలో నీకొచ్చిన పైచదువు సీటు గురించి నన్నడగమని ఎవరు పంపారు నిన్ను, మీ పెద్దడాక్టరు యోహానెసా? ఆయనంతే. నేను బడిలో లెక్కలు చెప్పుకున్నవాణ్ణి, పిల్లల ఊపిరితిత్తుల గురించి నాకేం తెలుసు. మా ఆవిడ హస్నిదాకి తెలుసు. ఆవిడ పోయి చాలా ఏళ్లయింది.

ఆవిడకే ఉబ్బసం ఉండేది, తెలుసా? ఇక్కడే పొంటియానాక్‌లో పిల్లల డాక్టరుగా చేస్తూ, ఉన్నట్టుండి ఊపిరితిత్తుల మీద పైచదువు చదువుతానంది. ఇంటర్వ్యూ సముద్రం అవతల సురబాయాలో, మేడ మీద. ఎక్కేసరికి పిల్లికూతలు మొదలయ్యాయి. లోపల ప్రొఫెసరు జావా మనిషి, గొంతు పెంచకుండానే కడిగేసే రకం. "అమ్మా, మీరు సీటుకొచ్చారా, వైద్యానికొచ్చారా? రోగుల చీటీ కింద ఇస్తారు" అన్నాడట. ఈవిడ పంపు తీసి పీల్చుకుని, "రెంటికీనండి, ముందు ఏది చూస్తారు?" అందట. సీటివ్వలేదు. మరుసటేడు మళ్లీ వెళ్లింది, ఇచ్చాడు. ఎందుకిచ్చారని తర్వాతెప్పుడో నేనడిగితే, "ఇవ్వకపోతే మళ్లీ వస్తుందని" అన్నాడు.

నేనూ సెలవు పెట్టి వెంట వెళ్లాను. మా అమ్మ ఊరంతా చెప్పింది, "మావాడు సముద్రం దాటి వెళ్తున్నాడు, పెళ్లానికి వంట చెయ్యడానికి" అని. అబద్ధమేం కాదు. అక్కడ కూరల్లో తీపి వేస్తారమ్మాయీ, నీకు తిండి కష్టమే. ఎక్కడున్నాను... ఆఁ, చదువు. ఆ ప్రొఫెసరు మొదట్లో ఈవిడ చేతికి స్టెతస్కోపు కూడా ఇవ్వలేదు. పసివాళ్ల చొక్కాలు విప్పి, ఊరికే ఛాతీ చూస్తూ కూర్చోమన్నాడు. ఊపిరందకపోతే పక్కటెముకల దగ్గర లోపలికి పోతుందట. ఇంటికొచ్చి, మధ్యాహ్నం కునుకు తీస్తుంటే నన్నూ అలాగే చూసేది. "పక్కటెముకలు లోపలికి పోవట్లేదు, పడుకోండి" అనేది. పడుకునే ఉన్నాను కదా.

చదువయ్యాక ప్రొఫెసరు అక్కడే ఉండిపొమ్మన్నాడు. "మీ వైపు అడవులు తగలబడతాయి, ఆ పొగ నీకు పడదు" అన్నాడు. "అక్కడి పిల్లలకీ పడదండి" అంది. వచ్చేశాం.

పొగ రోజుల్లో వార్డు కిటకిటలాడేది. మందు ఆవిరి మాస్కు చూస్తే పిల్లలకి ఏడుపు. ఈవిడకీ ఆయాసమే కదా, తనొకటి పెట్టుకుని వాళ్ల మధ్య కూర్చునేది. ఒక పిల్ల అడిగిందట, "నీకూ మీ అమ్మ బలవంతంగా పెట్టిందా?" అని. "లేదు, మా ఆయన" అందట.

యోహానెస్ అప్పుడు ఆవిడ కింద పనిచేసే కుర్రడాక్టరు, ఏటి ఎగువ నుంచి వచ్చిన దయాక్ తెగ అబ్బాయి. అతనికీ సురబాయాలో సీటు వచ్చిన ఏడే పొగ ఎక్కువైంది. ఇంటికొచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. "వచ్చే ఏడు వెళ్తాను మేడమ్, ఇంత పొగలో మీరొక్కరే ఎలా?" అన్నాడు. "వచ్చే ఏడు ఇస్తారని నీకెవరు చెప్పారు? పెట్టె సర్దుకో" అంది. విమానాలు ఆగిపోయాయి, ఓడెక్కి వెళ్లాడు.

ఈవిడ రోజూ వార్డుకి వెళ్లేది. పొగ తగ్గేదాకా సరిహద్దు దాటి కూచింగ్‌లో మా చెల్లెలి దగ్గరికి పోదామన్నాను. వాన పడ్డాక పోదామంది. ఒక ఉదయం వార్డులోనే ఆయాసం ఎక్కువైంది. ఆక్సిజన్ పెట్టారు, సూదులు వేశారు. నేను వెళ్లేసరికి ముఖం మీది మాస్కు తీసేసి ఉంది.

తర్వాత వాన పడింది.

యోహానెస్ ఫోన్ చేశాడు. ఏడుస్తున్నాడు. "నేను వెళ్లకుండా ఉండాల్సింది సార్, చదువు మానేసి వచ్చేస్తాను" అన్నాడు. "ఇప్పుడొస్తే వార్డుకి ఇద్దరు డాక్టర్లు పోయినట్టు. ఒకరు చాలు" అన్నాను. మరి ఇంకేమనను. చదువు ముగించి, ఓడ దిగి నేరుగా ఈ ఇంటికే వచ్చాడు. అన్నం తిన్నావా అనడిగాను. తినలేదన్నాడు. పెట్టాను. మర్నాడు వార్డుకి వెళ్లాడు, ఇప్పటిదాకా వెళ్తూనే ఉన్నాడు.

ఇప్పుడు ఆయనకి ఒంట్లో బాగుండటం లేదని నువ్వు సీటు వద్దంటున్నావట. నాకూ తెలుసులే, మనిషి చిక్కిపోయాడు. నిన్ను పొమ్మనమనే పంపాడు నా దగ్గరికి. నేను పొమ్మనను. ఉండమనీ అనను. ఒకసారి యోహానెస్‌తో అన్నాను, చాలు...

ఆ గ్లాసు ఇటివ్వు, చీమలు పడతాయి.