సగం కడిగిన తల

చనిపోయినవాడు నాకు సొంత తమ్ముడు. నాకు నలభై ఆరేళ్లు, వాడికి నలభై. నేను పరుపులు, దిండ్లు తయారుచేసే కార్ఖానాలో కుట్టుపని చేస్తాను. వాడు మిక్సీలు, గ్రైండర్లు బాగుచేసేవాడు. వాడు పనిచేసే షాపు ఈమధ్యే మూసేశారు. అప్పటినుంచి ఇంట్లో కూర్చునే చిన్నాచితకా రిపేర్లు చేస్తున్నాడు. మేమిద్దరం పై అంతస్తులో రెండు గదుల్లో అద్దెకుంటున్నాం. కింద ఇంటి ఓనరు ఉంటాడు. ఎస్సై సార్ అడిగారు కాబట్టి చెబుతున్నాను. అడక్కపోయినా చెప్పేదాన్నే.

మా కార్ఖానా నిండా దూది దుమ్ము. గుడ్డ ఎంత బిగించి కట్టుకున్నా తలలోకి దూరుతుంది. చెమటకి తడిసి అట్ట కడుతుంది. నా తల మీద చర్మం పొరలు పొరలుగా లేచి, గోకితే రక్తం వచ్చేది. డాక్టరు మందు రాసి, రోజూ తల శుభ్రంగా కడుక్కోమన్నాడు. ఆయనకేం, చెప్తాడు. నా కుడి భుజం పట్టేసి ఏడాదైంది, చెయ్యి చెవి దాటి పైకి లేవదు. ఎడం చేత్తో ఎంతని రుద్దుకుంటాను? తమ్ముడు తను కడుగుతానన్నాడు. నలభై ఏళ్ల మగాడి చేత తల రుద్దించుకోవడానికి నాకు సిగ్గేసింది, వద్దన్నాను. "అయితే నువ్వు సిగ్గుపడక్కర్లేని చెయ్యి ఒకటి తయారుచేస్తాలే" అన్నాడు.

మీరు సీజు చేసిన వస్తువు అదే. టోపీలా ఉంటుంది. లోపల మెత్తటి రబ్బరు వేళ్లు, పైన చిన్న మోటారు. ఒక గొట్టంలోంచి నీళ్లొచ్చి తల కడిగి, మురికితో ఇంకో గొట్టంలోంచి పోతాయి. అది మారణాయుధం కాదు. దాన్ని చూసి అలా మొహాలు చూసుకోకండి.

దానికోసం వాడు గుండు కొట్టించుకున్నాడు. జుట్టుంటే కింద చర్మం ఎర్రబడిందో లేదో తెలియదట. ఆ జుట్టంటే వాడికి ప్రాణం సార్. అద్దం ముందు నిలబడితే తిట్టినా కదిలేవాడు కాదు. అలాంటివాడు ఒక్కమాటైనా నాతో అనకుండా పోయి గొరిగించుకొచ్చాడు. ఇంటి ఓనరు "గుండు మేస్త్రీ" అని పిలవడం మొదలుపెట్టాడు. వాడూ పలికేవాడు.

ఇప్పుడు మీరు రాసిన మాట గురించి చెబుతాను. మృతుడి తల సగం జిడ్డుగా, దుమ్ము పట్టి ఉంది కాబట్టి మతి స్థిమితం తప్పి ఉండొచ్చని మీ కాగితంలో ఉంది. వాడి మతికేం కాలేదు. అది వాడు పరీక్ష చేసే పద్ధతి. ముందు తలంతా నూనె పట్టించి, నేను కవర్లో తెచ్చిన దూది దుమ్ము దానిమీద చల్లుకునేవాడు. నా తల ఎలా ఉంటుందో అలా చేసుకునేవాడన్నమాట. టోపీలో కుడివైపు నీళ్లూ వేళ్లూ ఆపేసి, ఎడమ సగం మాత్రం మిషనుతో కడిగి, కుడి సగం అలాగే వదిలేసేవాడు. తర్వాత "అక్కా, కళ్లు మూసుకుని చెయ్యి పెట్టి చెప్పు" అనేవాడు. నేను రెండు వైపులా తడిమి తేడా చెప్పేదాన్ని. ఒకసారి జిడ్డు పోలేదన్నాను, ఒకసారి చర్మం గీరుకుందన్నాను. నా నోరు మంచిది కాదు, ఏదో ఒక వంక పెట్టేదాన్ని. "నీ చేత బాగుందనిపించుకుంటే చాలు, ఊరంతా కొన్నట్టే" అనేవాడు. నేను చెప్పాకే కుడివైపు కడుక్కునేవాడు. నేను చెప్పేదాకా కడుక్కునేవాడు కాదు.

మొన్న సాయంత్రం మొదటిసారి నా తలకి పెట్టాడు. అప్పుడది బ్యాటరీతో నడిచేది. రబ్బరు వేళ్లు జుట్టులో చుట్టుకుని ఆగిపోయింది. నొప్పికి అరిచాను. వాడి మొహం చిన్నబోయింది. కత్తెర ముట్టుకోకుండా ఒక్కో వెంట్రుకా విడదీశాడు. బ్యాటరీకి దమ్ము చాలట్లేదు, కరెంటు మోటారు పెడతానన్నాడు. నీళ్లూ కరెంటూ ఒకచోట వద్దురా అన్నాను. "నీ తలకి పెట్టేముందు నా తలకి పెట్టుకుని చూస్తాగా" అన్నాడు.

నిన్న పొద్దున ఎనిమిదింటికి నేను పనికి వెళ్లాను. మధ్యాహ్నం మూడింటికి ఫోన్ చేశాడు. "వచ్చేటప్పుడు భుజానికి ఆ నొప్పి మందు పూసుకుని రాకు. చేతులు పొడిగా ఉండాలి. ఇవాళ నీకు వంక దొరకదు" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు.

ఐదున్నరకి ఇంటికొచ్చాను. బాత్రూంలో నీళ్ల చప్పుడు. తలుపు కింద నుంచి వైరు లోపలికి పోయి ఉంది. పిలిస్తే పలకలేదు. కిందకెళ్లి ఓనరుని పిలుచుకొచ్చాను. ఆయన మెయిన్ స్విచ్ కట్టేసి, తలుపుని భుజంతో తోస్తే గడియ ఊడింది. లోపల గడియ ఎందుకు పెట్టుకున్నాడని మీరు అడిగారు. గడియ పెట్టకపోతే ఆ తలుపు నిలవదు. పోయి చూడండి.

వాడు స్టూలు మీద నుంచి గోడకి ఒరిగి ఉన్నాడు. టోపీ తల మీదే ఉంది. మెడచుట్టూ తువ్వాలు ఉంది. బకెట్లో నీళ్లు గోరువెచ్చగా ఉన్నాయి. ఉద్యోగం పోయిన బాధలో ప్రాణం తీసుకున్నాడని ఓనరు చెప్పాడట. ఓనరుకేం తెలుసు? చచ్చిపోదామనుకున్నవాడు నీళ్లు కాచుకుంటాడా సార్? చొక్కా తడుస్తుందని తువ్వాలు కప్పుకుంటాడా? అక్కకి ఫోన్ చేసి చేతులు పొడిగా ఉంచుకుని రమ్మంటాడా? మా అమ్మ ఊళ్లో మా చెల్లెలింట్లో ఉంది. ఆమెకింకా చెప్పలేదు. కొడుకు తనంతట తనే పోయాడని చెప్పాలా, పని చేస్తూ పోయాడని చెప్పాలా అనేది మీరు రాసే మాట మీదే ఉంది. మొదటి మాట వింటే ఆమె తట్టుకోలేదు. పైగా అది అబద్ధం.

అంబులెన్సు వచ్చేలోపు నేను టోపీ తీసి, వాడి తల ఒళ్లో పెట్టుకున్నాను. చేతులు పొడిగా తుడుచుకున్నాను. కళ్లు మూసుకుని వాడు అడిగినట్టే రెండు వైపులా తడిమాను. కుడివైపు జిడ్డు, దుమ్ము. ఎడమవైపు ఎక్కడా జిడ్డు తగల్లేదు, చర్మం గీరుకోలేదు, నున్నగా ఉంది. బాగుంది. నాకు వంక దొరకలేదు. ఆ మాట పైకి అన్నాను. వినేవాడు లేడు.

ఇదంతా నేను చెప్పగా రాసి నాకు చదివి వినిపించారు. నేను చెప్పింది చెప్పినట్టే ఉంది, ఇందులో అబద్ధం లేదు. "ఎడమవైపు బాగుంది" అన్న మాట కేసుకి అవసరం లేదని రాసే ఆయన వదిలేయబోతే, నేనే పట్టుబట్టి రాయించి సంతకం చేస్తున్నాను.

(సంతకం)
మృతుడి అక్క