గోడ మీద ఎర్రదారం

దర్జీ తన భార్య రక్తపరీక్ష రిపోర్టు చూసి, గోడకు అంటించిన కటింగు కాగితంలో ఏడో గుండుసూది గుచ్చి, ఎర్రదారాన్ని దానికి చుట్టాడు. మధ్యాహ్నపు ఎండలో, ఫ్యాను గాలికి దారం మెల్లగా ఊగుతోంది.

"ఇంకా కిందికేనా?" అడిగింది భార్య.

"బాగా కిందికి. ఎంత అందంగా ఉందో చూడు."

"అందమేలెండి. చూస్తుంటే కలలో మెట్లు దిగుతున్నట్టుంటుంది. ఇప్పుడు భయం కూడా లేదు. సరే, నిన్నటి పాఠం చెప్పండి, కూరలో ఉప్పు ఎప్పుడెయ్యాలి?"

"చివర్లో. ఆర్నెల్లుగా నాకీ వంట పాఠాలెందుకే?"

"నేను పోయాక మీరు పస్తులుండకూడదని."

"పోవడమేంటి?"

"మొదటి సూది నా నుదురంత ఎత్తులో ఉండేది. ఇప్పుడు మోకాలి దగ్గరికొచ్చింది. రక్తం అలా తగ్గిపోతుంటే ఇంకేముంది?"

"పిచ్చిదానా! నేనెప్పుడైనా కిందనుంచి కొలిచానా? భుజం మీంచి టేపు కిందికి వదలడమేగా నా పని. రక్తం ఒక్కో పాయింటు పెరిగితే సూది జానెడు కిందికి. ఏడు నుంచి పన్నెండుకొచ్చావు."

"పన్నెండా?"

"పన్నెండు."

"ఆర్నెల్లండీ! ఒక్క మాట చెప్పొచ్చుగా."

"రోజూ దాని ముందు నిలబడి చూస్తుంటే, మురిసిపోతున్నావనుకున్నా. సరే, ఇక వంట నువ్వే చేసుకుంటావా?"

"అంత కష్టపడి నేర్పింది ఎందుకు? మీరే చెయ్యండి. నన్ను కాసేపు మురిసిపోనివ్వండి."