నాలుగు మీటర్ల మంచు తక్కువ

మా హింటర్‌ఫాల్డ్ ఊళ్ళో నా మాట నమ్మేవాళ్ళు ఒకప్పుడు ఇద్దరుండేవాళ్ళు. ఒకావిడ మా అమ్మ, ఆవిడ పోయింది. రెండోవాణ్ణి నేను, నాకూ ఈమధ్య అనుమానాలొస్తున్నాయి. నా పేరు గెబ్‌హార్ట్. ఉద్యోగం మంచు చెయ్యడం. అంటే దేవుడు ఊరికే చేసే పనిని నేను కరెంటు పెట్టి, నీళ్ళు చిమ్మి, ఆలస్యంగా, ఎగుడుదిగుడుగా చేస్తుంటాను. నవంబరులో ఆయన ఇంకా నిద్ర లేవడు, స్కీ పందేలవాళ్ళు మాత్రం లేచి కూచుంటారు. ఆ మధ్య సందులోనే నా బతుకు.

ఆ బుధవారం మధ్యాహ్నం నోట్‌బుర్గా సత్రంలో పొయ్యికి వీపు ఆనించి కూచున్నాను. మర్నాడు పొద్దున్నే తనిఖీ. పందెం బాట మీద పైనుంచి కిందదాకా మోకాలి లోతు మంచుంటే ఆడవాళ్ళ పందెం మాది. లేకపోతే కొండ అవతలున్న మిట్టర్‌కార్ వాళ్ళది, ఒకసారి పోయిందంటే మళ్ళీ ఎప్పటికి వస్తుందో చెప్పలేం. మా బాట పైనా కిందా తెల్లగానే ఉంది గానీ, నడిమిన అరవై మీటర్ల మేర ఇంకా ఎండుగడ్డే. నాలుగు రోజులుగా దక్షిణపు వేడిగాలి వీస్తోంది. ఆ గాలిలో, నీళ్ళని మంచుపొడిగా చిమ్మే మా మంచు ఫిరంగి తిప్పితే మంచు పడదు, వాన పడుతుంది. చలి కోసం ఎదురుచూడ్డం తప్ప చేసేదేం లేదు.

నోట్‌బుర్గా పద్దెనిమిది గదులు పందెంవాళ్ళ కోసం సర్ది పెట్టుకుని, తుడిచిన గ్లాసునే మళ్ళీ తుడుస్తోంది. మంచు చదునుచేసే బండి తోలే కాసియన్, చదును చెయ్యడానికి ఏమీ దొరక్క, బల్లమీద ఒలికిన ఉప్పుని వేలితో చదును చేస్తున్నాడు. ఇద్దరి మొహాలూ చూడలేక, కాస్త ధైర్యం చెబుదామని మొదలెట్టాను.

"ఇదీ ఒక కష్టమేనా? తొమ్మిదేళ్ళ కిందట ఒక్క ఫిరంగితో, ఒక్క పూటలో, పై గుడిసె దగ్గర్నుంచి మూడో మలుపుదాకా తెల్లగా చేసి పారేశాను."

"అది నిజమే," అన్నాడు కాసియన్. "చదును చేసింది నేనేగా."

అతను నిజమేనన్నాడు చూశారూ, అక్కడే వచ్చింది చిక్కంతా. నిజం దగ్గర ఆగడం నాకు చిన్నప్పట్నుంచీ చేతకాదు.

"మూడో మలుపుదాకా అని మర్యాదకి అన్నాన్లే. అసలు జరిగింది వేరు. మంచు పడాలంటే ఒక్క చలే చాలదు, గాలి పొడిగా ఉండాలి, అది మీకూ తెలుసు. ఆ ఏడు చలి సున్నాకి ఒక్క డిగ్రీ కిందే. గాలి చూస్తే, పట్టుకుని పిండితే బకెట్టు నిండేట్టుంది. ఈ తేమంతా ఎక్కణ్ణుంచి వస్తోందిరా అని ఆలోచించాను. ఎక్కణ్ణుంచో కాదు, ఊళ్ళోంచే! ఇంటింటా పులుసు కాగుతోంది, వరండాల్లో బట్టలు ఆరుతున్నాయి. వెంటనే చర్చి గంట కొట్టించి చెప్పాను, ఈ పూట ఎవరూ పొయ్యిమీద గిన్నె పెట్టకూడదు, తీగమీద చొక్కా వెయ్యకూడదు అని."

"ఆ పూట నేను పిండిముద్దల పులుసు కాచాను," అంది నోట్‌బుర్గా. "నువ్వు రెండు గిన్నెలు తాగావు కూడానూ."

"మూతపెట్టి కాచావు! మూత పెట్టమన్నది నేనే. సరే, ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఇంకా రవ్వంత తేమ మిగిలింది. ఫాదర్ దగ్గరికి పరిగెత్తాను. ఫాదర్, మీ ప్రసంగంలో ఆవిరి ఎక్కువ, ఇవాళ్టికి మౌనప్రార్థన పెట్టించండి అన్నాను. పాపం పెద్దమనిషి, పెట్టించాడు. కొట్టాల్లో ఆవులు ఊపిరి వదుల్తుంటే వాటి మూతులకి తువ్వాళ్ళు కట్టించాను. అయినా చాల్లేదు. చివరికి ఊరు ఊరంతా, నాలుగువందల పన్నెండుమంది, బజార్లో వరసగా నిలబడి ఊపిరి బిగబట్టారు. ఎంతసేపనుకున్నావు? ఇరవై నిమిషాలు!"

"అంతసేపూ నువ్వు కూడా నోరు మూసుకునే ఉన్నావా?" అన్నాడు కాసియన్.

"లేకపోతే? అంతా చేతులతోనే చెప్పాను."

"ఊరు ఇరవై నిమిషాలు ఊపిరి బిగబట్టిందంటే నమ్ముతానురా. నువ్వు నోరు మూసుకున్నావంటేనే మింగుడుపడ్డంలేదు."

నోట్‌బుర్గా కిసుక్కున నవ్వింది. నాలుగు రోజుల్లో ఆవిడ నవ్వడం అదే మొదలు. ఇంక నన్ను ఆపేదెవరు?

"అప్పుడు తిప్పాను ఫిరంగి! ఆ మంచు ఎంత పొడిగా ఉందంటే నేలమీద పడ్డానికి బరువే లేదు, బెత్తెడు ఎత్తున గాల్లోనే పేరుకుంది. కింద గడ్డి, పైన మంచు, మధ్యలోంచి కుందేళ్ళు తిరుగుతున్నాయి. ఇక పందెం బాటకి నీళ్ళు పట్టించి గాజులా గడ్డకట్టిస్తాం కదా, అక్కడ నా చెయ్యి కొంచెం జారింది, ఒప్పుకుంటాను. నున్నదనం రవ్వ ఎక్కువైంది. మొదట స్వీడన్ పిల్ల దిగింది. గడియారం నొక్కేవాడు వేలు పెట్టేలోపే కింద కూచుని కాఫీ ఊదుకుంటోంది. రెండో పిల్ల ఇంకా చురుకు. బయల్దేరకముందే చేరింది! పైన చూస్తే కాళ్ళకి స్కీలు తగిలించుకుంటోంది, కింద చూస్తే విప్పుకుంటోంది. పతకం పైపిల్లకివ్వాలా కిందిపిల్లకివ్వాలా అని పెద్దలు తగువులాడుకున్నారు."

"మరి మూడో పిల్ల?" అంది నోట్‌బుర్గా, గ్లాసు పక్కన పెట్టేసి.

"ఆ పిల్లకి ఆగడం వీలుకాలేదు. ఆ ఊపుతోనే అవతలి కొండెక్కి మిట్టర్‌కార్‌లో దిగింది. అక్కడ పందెమే లేదు, అయినా గెలిచింది. వాళ్ళు మేళం పెట్టి దండ వేసి పంపారు. ఏం చేస్తారు మరి, వాళ్ళ ఊళ్ళో జరిగిన మంచి పందెం అదొక్కటే, దానికీ మంచు నాదే!"

కాసియన్ చుట్ట కాల్చుకుంటానని లేచి బయటికి వెళ్ళాడు. శ్రోత ఒకరు తగ్గితే కథ రెండింతలు పెంచాలన్నది నా పద్ధతి.

"అంతటితో అయిందా? ఆ మంచు ఆగస్టు వచ్చినా కరగలేదు. ఆవుల్ని మేతకి పైకి తోలితే, పాలు పితికే వేళకి వాటంతటవే జారుకుంటూ కిందికొచ్చేవి. ఊరికే కాదు, జెండాల మధ్యనుంచి మెలికలు తిరుగుతూ, ఒక్క జెండా తప్పకుండా! మీ చుక్కల ఆవు ఉందే, మలుపులో నడుం వంచడం దాన్ని చూసే నేర్చుకోవాలి. పాలకుండ తొణక్కుండా వచ్చి మూడో స్థానం..."

తలుపు తెరుచుకుంది. కాసియన్. మీసాలు తెల్లగా గడ్డకట్టి ఉన్నాయి.

"ఇంకా ఆవుల దగ్గరే ఉన్నావా?" అన్నాడు. "వేడిగాలి ఆగిపోయింది. ముప్పావు గంటనుంచీ సున్నాకి ఆరు కిందే ఉందని పంపుగది గోడమీది మీటరు చెబుతోంది. మిట్టర్‌కార్‌లో ఫిరంగులు కొండ దద్దరిల్లేట్టు మోగుతున్నాయి. మన ఫిరంగులూ తిప్పుదామని ఆ గది తలుపు లాగాను. తాళం వేసుంది."

నా చెయ్యి దానంతటదే జేబులోకి పోయింది. తాళంచెవి తగిలింది. పొయ్యి పక్కన కూచున్నందుకు బాగా వెచ్చగా ఉంది.

పరుగెత్తాను. ఆ పరుగు గురించి నాలుగు కోతలు కోయచ్చు గానీ, రెండుసార్లు బోర్లాపడ్డాను కనక వదిలేస్తున్నాను. ఫిరంగులు పెట్టాం, కాసియన్ తెల్లారేదాకా బండి తోలాడు. తెల్లారేసరికి వేడిగాలి, ఏదో మర్చిపోయి వెళ్ళినదానిలా, మళ్ళీ తిరిగొచ్చింది.

ఎనిమిదింటికి తనిఖీ అధికారి లోతు కొలిచే ఊచ పట్టుకుని వచ్చాడు. పైనుంచి గుచ్చుకుంటూ దిగాడు. అంతా మోకాలి లోతే. సరిగ్గా నడిమిన ఒక్కచోట మాత్రం, నాలుగు మీటర్ల పొడవు, ఐదు మీటర్ల వెడల్పు, గడ్డి తల పైకెత్తి చూస్తోంది.

"అయ్యో," అన్నాడాయన, నిజంగానే బాధపడుతూ. "ఇంకో ముప్పావు గంట చలి దొరికుంటే సరిపోయేది. దొరకలేదా?"

అందరూ నావైపు చూశారు. నేను గడ్డివైపు చూశాను. జవాబు నోట్‌బుర్గాయే చెప్పింది.

"దొరికిందండీ. దాంతో ఈయన ఆవులకి స్కీలు నేర్పాడు."

ఆయనకి అర్థం కాలేదు. పన్నెండింటిదాకా గడువిచ్చి కాఫీకి వెళ్ళాడు. మిగతా బాట రాత్రి చలికే గట్టిపడింది, బండి ఎక్కిస్తే దాని చక్రాల పట్టీలు బాటని చీల్చేస్తాయి. కాసియన్ ఒక పార తెచ్చి నా చేతిలో పెట్టి, బాట అంచున పేరుకున్న కుప్ప చూపించి, తను జెండాల కట్ట మీద కూచుని చుట్ట వెలిగించాడు.

పన్నెండింటికి ఊచ మోకాలి లోతు దిగింది. పందెం మాకే దక్కింది.

ఆ నాలుగు మీటర్లూ నేనొక్కణ్ణే పారతో నింపాను. నా జన్మలో అక్షరం కల్పించకుండా చెప్పగల ఘనకార్యం అదొక్కటే. ఇప్పుడు సత్రంలో ఆ మాట ఎత్తానంటే చాలు, "పాపం, ఆవులేమీ సాయం పట్టలేదా?" అంటుంది నోట్‌బుర్గా. నువ్వు చెప్పరా అని కాసియన్‌ని సాక్ష్యానికి పిలుస్తాను. అతను చుట్ట తీసి, చాలాసేపు గుర్తు తెచ్చుకుంటున్నట్టు మొహం పెట్టి, "ఏమో, నేను చూళ్ళేదే," అంటాడు.