బఠాని పథ్యం

“తలుపు తీయనీకి గింతసేపా? బెల్లు కొట్టి కొట్టి వేలు నొస్తుంది నాకు.”

“మెల్లగ, రాజీ, మెల్లగ. లోపల పండుకున్నడు.”

“ఎవరు పండుకున్నరు?”

“బఠాని.”

భజన మండలి ఆడవాళ్లతో శుక్రవారం గుట్ట మీది గుడికి వెళ్లిన రాజకుమారి ఆదివారం ఉదయం అశోక్‌నగర్‌లోని ఇంటికి తిరిగొచ్చింది. ఆవిడ లేని రెండు రోజులు ఇంట్లో కిషన్ రావు రాజ్యం నడిచింది. ఆఫీసులో సూపరింటెండెంటుగా రిటైరయ్యాడు గానీ ఇంట్లో ఆ మనిషికి గుమాస్తా ఉద్యోగం కూడా ఎవరూ ఇవ్వలేదు, పాపం. కుక్కపిల్లకు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించిన సంగతి ఆవిడకు ఫోన్లోనే చెప్పాడు. మిగతాది చెప్పడానికి ధైర్యం చాలలేదు.

“కుక్కపిల్ల పండుకుంటే ఇంటామె తలుపు బయట గల్మల నిలబడాల్నా? మంచిగుంది. పట్టుకోండి, ప్రసాదం. ఆగుండ్రి, ఇదేం వాసన?”

“ఏం వాసన?”

“కోడి. గుట్ట మీదికెళ్లి పులిహోర చేతుల పట్టుకొని నేనొస్తుంటే, ఇంట్ల కోడి ఉడుకుతుంది.”

“ఉప్పు లేదు, కారం లేదు, నూనె సుక్క లేదు. ఉత్తగ ఉడికిచ్చిన. మత్తు దిగినంక కడుపుల తిప్పుతదట. తేలిక తిండి జరంత జరంత పెట్టుమన్నడు డాక్టరు.”

“పెండ్లయినప్పటి సంది నాకు గ్లాసెడు చాయ పెట్టిచ్చిన చెయ్యి గాదు. కుక్కకు కోడి ఉడికిస్తుంది.”

“చాయ పెడ్త గద. పెట్టాల్నా?”

“వద్దు. ముందు చేతులు కడుక్కోండి. నాకు చల్లటి నీళ్లు కావాలె. ఏందిది, ఐసు ట్రేలన్ని ఖాళీ?”

“వాపుకు. గుడ్డల చుట్టి జరసేపు పెట్టాలె.”

“ఎవరు పెడ్తున్నరు?”

“నేనే.”

“సూపరింటెండెంటు కిషన్ రావు గారు కుక్క తొడల నడుమ ఐసు పట్టుకొని కూసున్నరు. మీ ఆఫీసోళ్లకు తెలిస్తే ఇంకోపాలి శాలువా కప్పుతరు.”

“మెల్లగ మాట్లాడవా జర.”

“దాని నిద్ర పాడైతదా?”

“అయితది. వాడు పండుకున్న అర్రల లైటు కూడ వేస్తలేను. సప్పుడు ఉండొద్దు, ఎగిరి దుంకొద్దు, సోఫా ఎక్కొద్దు, మెట్లు దిగొద్దు. కుట్టు నాకొద్దు. రోజు పొద్దుగాల, సాయంత్రం చూడాలె, ఎర్రగైందా, వాచిందా అని.”

“మెట్లు దిగకుంటే దాని అవసరాలెట్ల?”

“ఎత్తుకొని దించుతున్న.”

“మూడంతస్తులు? గ్యాస్ సిలిండర్ వంటింట్లకు జరపమంటే మోకాలు పట్టేసే మనిషి.”

“సిలిండర్ బరువుంటది.”

“ఉంటది. నేను జరిపినప్పుడు ఉండదు. మెడకు గరాటు లెక్క కడ్తరంటిరి, కట్టిన్రా?”

“కట్టిన. పెట్టుకుంటలేడు. గోడలకు గుద్దుకొని ఏడుస్తుండు. గందుకే టీషర్టు తొడిగిన. ఉల్టా తొడగాలె, మెడల నుంచి తోక బయటికి రావాలె. ఎనక కాళ్లేమో చేతులల్ల...”

“ఎవరి టీషర్టు?”

“సుమంత్‌ది.”

“కొడుకు బట్టలు కుక్కకు. ఇంక నా పట్టుచీర ఒకటి మిగిలింది, అది కూడ పరుపు కింద వేయకపోయిన్రా. అసలు దానికెందుకీ కోత? ముద్దుగ తిరుగుతుండె.”

“మగపిల్లగాడు, రాజీ. పెద్దగైతే గేటు దుంకి ఉరుకుతడు, కొట్లాడి చెవులు చింపుకొని వస్తడు. ఎక్కడపడితే అక్కడ పిల్లలైతయి. ఆ పిల్లల్ని ఎవరు చూడాలె?”

“నారాయణగూడ బ్రిడ్జి కింద ఇన్ని ఆడకుక్కలున్నయి. వాటికి చేపియ్యకపోయిన్రా?”

“మనింట్ల ఉన్నది మగది. మన దానికి మనం చేపిచ్చినం.”

“ఊరందరిది ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి. మగదానికి కోతేంది? మీ అమ్మ ఏమంటుండె? మగోని మీద కత్తి పడితే ఇల్లు కూలుతది అంటుండె.”

“మా అమ్మ పోయి ఎన్నేండ్లాయె.”

“మాట పోలే గద. ఆ మాటకే నేను పోయి పండుకున్న దవాఖానల.”

“ఇప్పుడెందుకు అవన్ని?”

“ఎందుకా? రేపు సోమవారం. పిల్లలు కాకుండ ఆపరేషన్‌కు కోడలిని దవాఖానల చేర్పియ్యాలె. రాంనగర్ పోయి వాళ్ల అమ్మగారింటి నుంచి నవతను తోల్కరమ్మని సుమంత్‌కు చెప్పి పోయిన. ఏడి వాడు?”

“బయటికి పోయిండు.”

“ఆదివారం గింత పొద్దుగాలనా?”

“ఏదో పనుందట.”

“చెప్పులు గల్మలనే ఉన్నయి.”

“బూట్లేసుకొని పోయిండు. రాజీ, ఒక మాట. తిట్టకు.”

“తిట్టే మాటైతే తిడ్త.”

“ఆ పిల్లకు రెండు కాన్పులూ కోతలే అయినయి. మొన్న బీపీ పెరిగి మనందరి పానాలు తోడేసింది. ఇంకా పచ్చి బాలింత. మళ్ల కడుపు కోపిస్తవా?”

“చిన్న కోత. ఆడపుట్టుక పుట్టినంక ఎవరికి తప్పింది? నాకు తప్పిందా, మా అక్కకు తప్పిందా?”

“కాన్పు చేసిన డాక్టరమ్మ ఏం జెప్పింది మరి? మొగుడు చేపిచ్చుకుంటే ఇంకా అల్కగ అయితదట. మధ్యాహ్నం పోతే సాయంత్రం ఇంటికే వస్తరట.”

“ఆమె చెప్తది. ఆమె కొడుకైతే చెప్తదా? నేను బతికుండంగ నా కొడుకు మీద కత్తి పడనియ్య. బరువు మోసేటోడు, బండి నడిపేటోడు. రేపు నడుం పట్టేస్తే ఎవరు చూస్తరు?”

“నడుం ఏం పట్టెయ్యది. గవన్ని ఉత్తమాటలు.”

“మీకెట్ల తెలుసు? మీరు చేపిచ్చుకున్నరా?”

“లేదు.”

“లేదు. మరి గమ్మునుండ్రి.”

“సుమంతే ఒప్పుకుంటే?”

“వాడా? సూది చూస్తే కండ్లు తిరిగి పడతడు. గా మాట వాని చెవిల వేసిన్రనుకో, నేను అక్క దగ్గరికి బర్కత్‌పుర పోత. మీరూ మీ కుక్కా కలిసి కాపురం చేసుకోండి.”

“నేనేం అనలే.”

“అన్నట్టుంది మొఖం. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు. జరగండి, చెత్తబుట్ట నిండింది. ఇన్ని కొబ్బరిబొండాలా? ఎవరు తాగిన్రు?”

“చిక్కడపల్లి కూరగాయల బండ్ల దగ్గర మంచియి దొరికినయి.”

“ఎక్కడ దొరికినయని అడుగలే. ఎవరు తాగిన్రని అడిగిన.”

“వాడే. నీరసానికి మంచిదట.”

“కుక్క కొబ్బరినీళ్లు తాగింది.”

“నాకిండు. గిన్నెల పోస్తే.”

“నాకు ఆపరేషన్ అయిననాడు మీరు ఏం తెచ్చిన్రు, యాదికున్నదా?”

“రాజీ...”

“అడుగుతున్న. చెప్పుండ్రి.”

“బ్రెడ్డు.”

“బ్రెడ్డు. అదీ మీ అమ్మ చాయల అద్దుకొని తిన్నది. అడిక్‌మెట్ల కిరాయింట్ల ఉంటిమి. నల్లా కింద, మనం పైన. మూడోనాడు బిందె నడుం మీద పెట్టుకొని ఎక్కిన. సగం మెట్ల మీదనే కుట్టు పిగిలింది. మీరేడున్నరు?”

“ఆఫీసుల ఆడిట్ నడుస్తుండె.”

“సాయంత్రం?”

“సాయంత్రమా?”

“సాయంత్రం ఏడున్నరు?”

“క్యారమ్స్ ఆడనీకి పోయిన.”

“చీము పట్టింది. పసుపు పెట్టు, అదే తగ్గుతది అన్నది మీ అమ్మ. పసుపు పెట్టుకొని, కొంగు బిగ్గ చుట్టుకొని పది మందికి చపాతీలు చేసిన. అప్పుడు ఏ అర్రల లైటు తీసిన్రు నాకు? ఎవరు సప్పుడు చేయకుండ నడిచిన్రు?”

“తెలుసు నాకు.”

“తెల్వదు. తెలిస్తే ఇయ్యాల నా ముంగట కుక్కకు ఐసు పెట్టరు.”

“తెలిసే పెడ్తున్న, రాజీ.”

“ఏందీ?”

“ఏం లేదు.”

“గట్ల నసిగే అలవాటు ఇంకా పోలే. సరే, ఆ పసుపు డబ్బా ఇయ్యండి. కొబ్బరినూనెల కలిపి ఇస్త, రాసుండ్రి. పాపం, అది మాత్రం ఏం జేసింది.”

“వద్దు వద్దు. పసుపు పెట్టొద్దు, ఏమీ పూయొద్దు. పూస్తే నాకుతడు. తడి కూడ తగులొద్దు, స్నానం బంద్. గట్టిగ చెప్పిన్రు.”

“మీకు చెప్పేటోళ్లు పుట్టిన్రు ఇప్పటికి. ఈ గోలీలేంది, టీవీ దగ్గర?”

“అవి బఠానివి. ఇటియ్యి.”

“ఇయి మనుషులయి.”

“ఒక్క తీరే ఉంటయి.”

“నొప్పి గోలీలు ఇయి. నా మోకాళ్లకు రాసిచ్చినసొంటియే. మొన్న ఫోన్ల మీరే గద అన్నరు? మనుషుల నొప్పి గోలీ కుక్కకు వేస్తే పానం పోతదని. నీ గోలీలు కింద పడెయ్యకు, వాడు తింటడు అని గుట్ట మీదున్నదాన్ని నన్నే బెదిరిచ్చిన్రు.”

“అన్ననా?”

“అన్నరు. ఇందుల మూడు లేవు. వేసిన్రా దానికి?”

“లేదు లేదు. దాని మందు వేరే ఉంది, దవాఖానోళ్లే ఇచ్చిన్రు. గుడ్డుల పెట్టి వేస్తున్న.”

“మరి ఈ మూడు ఎవరు మింగిన్రు? జరగండి తలుపు కాడికెళ్లి.”

“రాజీ, ఇప్పుడే వద్దు. సాయంత్రం చూద్దువు.”

“సాయంత్రం దాక అది ఉంటదా? నోరులేని పిల్లను సంపుకుంటరా మీ తెలివితేటలతోని? జరుగుతరా లేదా?”

“అమ్మా, తలుపు మెల్లగ తియ్. నా కాళ్ల మీదనే పండుకున్నడు బఠాని.”

“సుమంతూ? నువ్వు బయటికి పోయినవన్నడు మీ నాయిన. చీకట్ల ఎందుకున్నవ్? పడ్డవా? బండి గుద్దిందా? జ్వరమా? ఆ గుడ్డేంది, ఐసేంది, అయి నీ దగ్గరున్నయేంది?”

“ఏం కాలేదమ్మా. కూసో. నిన్న చేపిచ్చుకున్న.”

“ఏం చేపిచ్చుకున్నవ్?”

“నవతకు రేపు చేపిద్దామనుకున్నవ్ గద. అది. నాకు చేసిన్రు.”

“సుమంతూ.”

“భయపడకు. బఠానికి చేసినంత కూడ కాదు. వానికి మొత్తం తీసేసిన్రు, నాకు ఊకె దారి మూసిన్రు. రెండ్రోజులు పండుకొమ్మన్నరు, గంతే.”

“నన్ను గుట్టకు పంపిచ్చి, నా ఎనక...”

“నువ్వుంటే చేపిచ్చుకోనిస్తుంటివా?”

“నా పానం ఉండంగ చేపిచ్చుకోనియ్యకపోదును. ఎవరు ఎక్కిచ్చిన్రు నీకు? మీ నాయినేనా?”

“నాన్న ఏం ఎక్కియ్యలే. శుక్రవారం బఠానిని పట్టుకోనీకి నేను కూడ నారాయణగూడ పశువుల దవాఖానకు పోయిన. పొద్దుగాల సూది వేసి పండవెట్టిన్రు. సాయంత్రానికి లేచి, తూలుకుంట తూలుకుంట నా దగ్గరికొచ్చి తోక ఊపిండు. గింత పిల్లకు లేని భయం నాకేందనిపించింది. బయట బెంచీ మీద కూసున్నప్పుడు నీ బిందె సంగతి చెప్పిండు నాన్న.”

“చెప్పిండా? ఏమని చెప్పిండు?”

“బిందె, మెట్లు, చీము. క్యారమ్స్ కూడ చెప్పిండు.”

“దవాఖానకు ఎవరు తోల్కపోయిన్రు నిన్ను?”

“నాన్ననే. ఆటో గుంతలల్ల పడొద్దని వచ్చేటప్పుడు ఎక్కడెక్కడ తిప్పిండో. ఆటో ఆయన తిట్టిండు.”

“నవతకు తెలుసా?”

“తెలుసు. ఫోన్ల ఏడ్చింది.”

“ఎందుకేడ్చింది? నేనేమన్న సంపుతున్ననా ఆమెను?”

“భయమైందట అమ్మా. రోజు రాత్రి కుట్టు తడుముకొని చూసుకుంటుండెనట, మళ్ల అక్కడే కోస్తరని. వద్దని నీకు చెప్పనీకి ఇంకా భయమైందట.”

“రాజీ, తిట్టేదుంటే నన్ను తిట్టు. పోయి చాయ పెట్టనా?”

“ఆ కోడినీళ్లల్ల మిరియాలు వేసిన్రా?”

“లేదు. బఠానికి కూడ అవే గద, ఇద్దరికి ఒక్క గిన్నెల...”

“కుక్కకు తీసి పక్కకు పెట్టుండ్రి. మిరియాలు లేకుండ మనిషి తాగుతడా అయి? నిన్నటి సంది కొడుకుకు కుక్క తిండి పెట్టిన్రు. నవతకు ఫోన్ కలిపియ్యండి, రేపు రావొద్దని నేనే చెప్త. నువ్వు లేవకురా, పండుకో.”

“అమ్మా, నా మీద కోపమొచ్చిందా?”

“నీ మీదెందుకు బిడ్డా. గీ కుక్క మీద. వచ్చేదేదో నా కోతకు ముందే రావొద్దా మనింటికి?”